పెద్దాయన ఓడెక్కాలి

పెద్దాయన పెట్టెలోకి వెళ్ళారు. ఒక చుట్టు తిరిగారు. పరుపు మీద ముక్కు ఆనించి, గట్టిగా తుమ్మి, వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చేశారు. తెల్లారినప్పటి నుంచి ఇది ఏడోసారి.

"ఏవండీ, మళ్ళీ వచ్చేశారు!" అని కేకేసింది బ్లీచమ్మ.

పెద్దాయనంటే ఇంటి పెద్ద కాదు, కుక్క. వయసు పదకొండేళ్ళు. గోధుమరంగు ఒళ్ళు, నెరిసిన గడ్డం, ఎప్పుడూ మడతపడి ఉండే ఎడమ చెవి. రెండు నెలల కూనగా ఉన్నప్పుడే మొహంలో రిటైరైన హెడ్మాస్టరు చిరాకు కనబడేదట. అందుకని ఆ పేరు పెట్టారు. ఒకసారి పెద్దాయన అని పిలవడం మొదలెట్టాక, నువ్వు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మీరు తిన్నారా, మీరు పడుకున్నారా అంటూ ఇంటిల్లిపాదీ మన్నించడమే. బ్లీచమ్మ ఆ ఇంటికి వచ్చి నలభై ఒక్క రోజులు. మొదటి వారం నవ్వాపుకోలేక చచ్చేది. రెండో వారానికల్లా తనే "పెద్దాయన అలిగారండీ" అనడం మొదలుపెట్టింది.

ఆమె అసలు పేరూ బ్లీచమ్మ కాదు. పెద్ద ఆసుపత్రి బట్టలుతికే విభాగానికి సూపర్‌వైజరు. రోజుకి వెయ్యి దుప్పట్లు ఆమె చూపు కింద నుంచి పోయేవి. ఏ మరక ఏ మందుకి లొంగుతుందో, ఎన్ని డిగ్రీల వేడికి ఏ గుడ్డ తాళుతుందో ఆమెకి కొట్టిన పిండి. కింద పనిచేసేవాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు బ్లీచమ్మ. పెళ్ళి విందులో వాళ్ళలో ఒకావిడ నోరు జారింది, పెళ్ళికొడుకు ఎగిరి గంతేశాడు. అప్పటినుంచీ ఇంట్లో కూడా అదే ఖాయమైంది.

ఆ పెళ్ళికొడుకు లిఫ్టుల మెకానిక్కు. కంపెనీవాళ్ళు సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న ఊరికి మార్చారు. సోమవారం పొద్దున్నే డ్యూటీలో చేరాలి. సామానంతా లారీలో ముందే వెళ్ళిపోయింది. మిగిలింది రెండు సూట్‌కేసులు, ఒక పనిముట్ల సంచీ, ఇద్దరు మనుషులు, ఒక పెద్దాయన. ఓడ సాయంత్రం నాలుక్కి. ఈ ఓడ తప్పితే మళ్ళీ మూడు నెలల దాకా జంతువులని ఎక్కించుకోరు. సముద్రం పోటు మీదుండే కాలం వస్తోంది.

"మూడు నెలలే కదా, నా దగ్గర వదిలేయండి," అని నెల రోజుల నుంచీ అంటూనే ఉంది వదిన. మొగుడి అక్క ఆవిడ. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పొద్దున్న ఏడింటికి వెళితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతుంది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అందులో పదమూడు గంటలు ఒంటరిగా పెద్దాయన! తన మనిషి చెప్పుల చప్పుడు వినకుండా ఒక్క రాత్రయినా పడుకుని ఎరగని ప్రాణి. పదకొండేళ్ళ కుక్కకి మూడు నెలలంటే ఎంత కాలమో ఆలోచించి, బ్లీచమ్మ మొగుడు ఒకరోజు అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఆ రోజే ఆమె నడుం బిగించింది.

"పెద్దాయన ప్రయాణం నా పూచీ," అంది.

అన్నట్టే చేసింది కూడా. గాలాడే గట్టి ప్లాస్టిక్ పెట్టె కొంది. లోపల లేచి నిలబడడానికి, ఒక చుట్టు తిరగడానికి సరిపోయేంత పెద్దది. మూడు వారాలు పాఠం చెప్పింది. మొదట తలుపు తీసి ఉంచి లోపల బిస్కట్టు వేసింది. తర్వాత భోజనం లోపలే. తర్వాత తలుపు వేసి ఒక్క నిమిషం, ఐదు నిమిషాలు, అరగంట. వదిన వ్యానులో పెట్టెతో సహా ఎక్కించి వీధి చుట్టూ తిప్పించింది. మొన్న మధ్యాహ్నమైతే పెద్దాయన పిలవకుండానే లోపలికెళ్ళి రెండు గంటలు గురకపెట్టారు. ఆ గురక వింటూ గుమ్మంలో కూర్చుని బ్లీచమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది, చప్పుడవకుండా.

మరి ఈ రోజేమొచ్చింది?

"ఏమోనోయ్, బెరుకేమో," అన్నాడు మొగుడు, బూటు లేసు మూడోసారి ముడేస్తూ. "సామాను లేని ఇల్లు చూసి దిగులు పడ్డట్టున్నారు."

ఇంట్లో సామాను లేదు నిజమే. గోడల మీద ఫోటోలు తీసిన చోట్ల తెల్లటి చదరాలు. అడుగేస్తే గదులు తిరిగి పలుకుతున్నాయి. కానీ ఇల్లు మాత్రం అద్దంలా ఉంది. ఖాళీ చేసే ఇంటిని కూడా కడిగి పెట్టి వెళ్ళడం బ్లీచమ్మకి పరువు. నిన్న రోజంతా ఆమె చెయ్యి ఆగలేదు.

కింద వ్యాను హారన్ రెండుసార్లు మోగింది.

"తొమ్మిదిన్నరన్నారు, పది నిమిషాలు ఆలస్యం!" వదిన గొంతు నాలుగిళ్ళకి వినబడింది. "అమ్మాయ్, మీ మామగారు సిద్ధమా?"

పెద్దాయన్ని ఆమె అలాగే అంటుంది.

*

పెట్టెని ముందు సీట్ల వెనక, కదలకుండా పట్టీలతో కట్టారు. వ్యాను గట్టిగా ఆగినా పెట్టె ఎగిరి పడకూడదు. బ్లీచమ్మ దాని పక్కనే కూర్చుంది. పొద్దున్నే కొంచెమే తినిపించింది, కడుపు నిండా ఉంటే దారిలో కక్కుకుంటారని. నీళ్ళ సీసా, గిన్నె, డాక్టరు కాగితం, టీకాల పుస్తకం, మెళ్ళో ఫోన్ నంబరున్న బిళ్ళ. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. మనసొక్కటే కుదురుగా లేదు.

పెద్దాయనకి అంతకన్నా లేదు. లేస్తున్నారు, కూర్చుంటున్నారు, పరుపుని ముందుకాళ్ళతో గీరి మూలకి నెడుతున్నారు. నాలుక బయటపెట్టి రొప్పుతున్నారు. నెరిసిన గడ్డం మీద చొంగ తీగలుగా సాగుతోంది. పెట్టె గోడ మీద గోళ్ళ చప్పుడు గర్రు గర్రుమని, ఆమె పళ్ళ మీదే గీస్తున్నట్టుంది.

"పెద్దాయనా, నేనిక్కడే ఉన్నానండీ. ఇదుగో చూడండి, నా చెయ్యి."

చెయ్యి వాసన చూశారు. ఒక్క క్షణం ఆగారు. మళ్ళీ గర్రు గర్రు.

"ఒక మాత్ర మింగించి పడుకోబెట్టక, ఎందుకొచ్చిన తిప్పలమ్మాయ్?" అంది వదిన, అద్దంలోంచి చూస్తూ.

"డాక్టరు వద్దన్నారు వదినా. మత్తులో ఉన్నవాళ్ళని ఓడ ఊపేస్తే ఊపిరికే ప్రమాదమట."

"సరే, అయితే కిటికీలోంచి తల బయట పెట్టనీ. గాలి పీల్చుకుంటారు."

"కళ్ళల్లో దుమ్ము పడుతుంది వదినా. పక్క బండి తగిలితే..."

"నాకు చెప్పేదానివయ్యావా! నేను పద్దెనిమిదేళ్ళుగా మనుషులకి డ్రైవింగ్ నేర్పుతున్నాను. వాళ్ళందరికన్నా నువ్వే ఎక్కువ రూల్సు చెబుతున్నావు." కోపంగా అన్నా వ్యాను మాత్రం మెత్తగా, మలుపు మలుపుకీ నెమ్మదించి నడుపుతోంది. "ఒరేయ్ తమ్ముడూ, నీ పెళ్ళానికి లైసెన్సు ఇప్పించేస్తా. పరీక్ష అక్కర్లేదు."

తమ్ముడు నవ్వలేదు. వెనక్కి తిరిగి పెట్టె వంకే చూస్తున్నాడు.

గంట తర్వాత రోడ్డు పక్కన ఆపారు. బ్లీచమ్మ పెట్టె తలుపు గడియ మీద చెయ్యి వేసి, తియ్యబోయి ఆగింది. ముందు తాడు. సందులోంచి వేళ్ళు దూర్చి మెడపట్టీకి తాడు తగిలించి, రెండో కొస మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, అప్పుడు తీసింది. తీసిందో లేదో పెద్దాయన పదకొండేళ్ళూ మరిచిపోయి బాణంలా దూకారు. తాడు బిగిసింది, ఆమె చెయ్యి గూడ దగ్గర కలుక్కుమంది. మూరెడు దూరంలోంచి లారీ ఒకటి ఊళ వేసుకుంటూ వెళ్ళిపోయింది. దాని గాలికి ముగ్గురి బట్టలూ ఎగిరాయి.

బ్లీచమ్మ తాడుని మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టింది.

"తాడు ముందు కట్టడం మంచిదైంది," అంది వదిన చివరికి. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడగా బ్లీచమ్మ వినడం అదే మొదలు.

పెద్దాయన రెండు గుక్కల నీళ్ళు తాగారు, చెట్టు దగ్గర పని కానిచ్చారు, శాంతంగా నడిచారు. తిరిగి పెట్టె దగ్గరికి రాగానే నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి కూర్చున్నారు. మూడు బిస్కట్లు, ఇద్దరి బతిమాలడాలు, ఒక తోపు. మళ్ళీ తుమ్ము. మళ్ళీ గర్రు గర్రు.

*

రేవులో జంతువులని తనిఖీ చేసే గది షెడ్డంత పొడవుగా, ఖాళీగా ఉంది. నీలం కోటు డాక్టరమ్మ కాగితాలన్నీ చూసింది. బిళ్ళ చూసింది, పెట్టె గడియ లాగి చూసింది, గాలి రంధ్రాలు చూసింది. "బాగా సిద్ధం చేశారే," అంది. బ్లీచమ్మ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు డాక్టరమ్మ పెద్దాయన వంక చూసింది. పొట్ట కొలిమితిత్తిలా ఎగిసిపడుతోంది. కళ్ళల్లో తెల్లగుడ్లు కనబడుతున్నాయి.

"ఈ స్థితిలో ఎక్కించనమ్మా."

"మామూలుగా పెద్దాయన ఇలా ఉండరండీ..."

"పెద్దాయనెవరు? మీ మామగారా?"

"కుక్కేనండీ. పేరు."

డాక్టరమ్మ పెదవి కొస కదిలింది గానీ మాట మారలేదు. "కింద గదిలో ఆరు గంటలు ఒంటరిగా ఉండాలి. ఇలా రొప్పుతూ, ఈ వయసులో... గుండె తట్టుకోదు. పెట్టెలో పది నిమిషాలు నిమ్మళంగా పడుకుంటే సంతకం పెడతాను. మూడున్నరకి జంతువుల గేటు మూసేస్తారు. ఆ లోపల ఎప్పుడైనా పిలవండి."

గోడ గడియారంలో రెండూ పది.

పెట్టెని బయట చెట్టు నీడలోకి తెచ్చారు. ఎండలో ఆపిన వ్యానులో మాత్రం ఉంచనంది బ్లీచమ్మ. మొగుడు పెట్టె ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, తనకొచ్చిన కథలన్నీ చెప్పాడు. ఇరవై రెండు అంతస్తుల మేడలో మధ్యలో ఆగిపోయిన లిఫ్టు కథ కూడా చెప్పాడు. పెద్దాయన వినలేదు. రెండూ ముప్ఫై అయింది. అతను లేచి, ప్యాంటు దులుపుకుని, అక్క వైపు చూడకుండా అన్నాడు.

"అక్కా... నీ దగ్గర మెత్తటి పరుపేదైనా ఉందా?"

అంతే అన్నాడు. బ్లీచమ్మకి గుండె చెరువైంది. అతను ఓటమి ఒప్పుకుంటే గొంతు అలా ఉంటుందని నలభై ఒక్క రోజుల్లో ఆమెకి తెలియలేదు.

"ఉండండి!" అంది. "ఇంకా గంటుంది. ఉండండి."

ఆమె కాలుగాలిన పిల్లిలా చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో వార్డు నుంచి ఫిర్యాదొస్తే చేసే పనే ఇది: దుప్పటి కొరుకుతోంది, రోగికి దద్దుర్లొచ్చాయి అంటే, ఎవరినీ తిట్టదు. మొన్నటి దాకా బాగుందిగా, మరి నిన్న ఏం మారింది అని వెనక్కి లెక్కేస్తుంది. మొన్న మధ్యాహ్నం పెద్దాయన ఇదే పెట్టెలో గురకపెట్టారు. అదే పెట్టె. అదే పరుపు. అదే దుప్పటి. నిన్న ఏం మారింది? నిన్న తను...

ఆగిపోయింది.

పెట్టె ముందు మోకాళ్ళ మీద కూలబడి, తలుపు సందులో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. కమ్మటి వాసన. వేడినీళ్ళు, నిమ్మ సబ్బు, చివర్లో వేసే గంజి, ఎండ. ఆమెకి స్వర్గం వాసన అది. రోజూ డ్యూటీకి వెళ్ళగానే కళ్ళు మూసుకుని పీల్చుకునే వాసన.

పెద్దాయన ఆమె మొహం మీదే తుమ్మారు.

"వదినా," అంది బ్లీచమ్మ, నీళ్ళు నములుతూ. "నిన్న నేను పరుపు ఉతికేశాను."

"అయితే?"

"దుప్పటి కూడా. మెడపట్టీ కూడా. పెట్టె లోపలంతా మందేసి కడిగాను. ఆయన రబ్బరు బొమ్మ... దాన్నీ ఉడకబెట్టాను." నుదురు కొట్టుకుంది. "మూడు వారాలు ఆయన వాసనంతా అందులో పోగేసుకున్నారు వదినా. తన గది చేసుకున్నారు. నేనేమో మంచి బట్టల్తో పంపాలని... ఆసుపత్రి చేసి పెట్టాను."

వదిన వంగి తనూ పెట్టె వాసన చూసింది. "పుట్టింటి నుంచి చీరలు తెచ్చుకుంటారు కొత్త కోడళ్ళు," అంది. "నువ్వు ఆసుపత్రినే తెచ్చావా!"

"తిట్టండి, తర్వాత తిట్టండి. ముందు ఉతకని గుడ్డ ఒక్కటి కావాలి. ఇంటి వాసనున్నది. ఏవండీ, మీ సూట్‌కేసు!"

రేవు పక్కన, అందరూ చూస్తుండగా, రెండు సూట్‌కేసులూ తెరుచుకున్నాయి. ఆమె ఒక్కో బట్టా తీసి ముక్కుకి ఆనించి పక్కన పడేస్తోంది. చొక్కా, నిమ్మ. తువ్వాలు, నిమ్మ. బనీను, నిమ్మా గంజీ. తన దుపట్టా, నిమ్మ. జన్మలో మొదటిసారి బ్లీచమ్మ ఒక్క మురికి గుడ్డ కోసం తపించింది, ఒక్కటీ దొరకలేదు.

"వాడి సాక్సులు చూడు," అంది వదిన, తనూ ఓ చెయ్యి వేస్తూ. "చిన్నప్పుడు వాటికి భయపడి ఇంట్లో ఎలకలుండేవి కావు."

"రాత్రే ఉతికేశాను వదినా."

"ఒంటి మీద చొక్కా?"

"పొద్దున్నే ఇస్త్రీ చేసిచ్చాను. చెమట కూడా పట్టలేదింకా."

"హవ్వ! ఒక్క రోజు బద్ధకించలేకపోయావా తల్లీ!"

గడియారం మూడైంది. మొగుడు ఈ గొడవకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. నేల చూపులు చూస్తూ, బూటు మొనతో గులకరాయిని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఒకటుంది," అన్నాడు.

ఇద్దరాడవాళ్ళూ తలెత్తారు.

అతను పనిముట్ల సంచీ దగ్గరికెళ్ళాడు. పానాలు తీశాడు, వైరు చుట్ట తీశాడు, టార్చి తీశాడు. అన్నిటికన్నా అడుగున, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, పైన తాడు కట్టిన మూట. విప్పాడు. ఆవపిండి రంగు స్వెటరు. మోచేతుల దగ్గర రెండు చిల్లులు, అంచంతా ఊడిన పోగులు, ఎక్కడ చూసినా గోధుమరంగు వెంట్రుకలు.

బ్లీచమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "ఇది చెత్తలో పడేశానన్నారు!"

"పడేశానని చెప్పాను."

"మూడు వారాల క్రితం! నా కళ్ళల్లోకి చూసి చెప్పారు!"

"నువ్వు దాని వంక చూసిన చూపు చూసి భయమేసిందోయ్. సాయంత్రాలు ఇదేసుకునే నేనూ పెద్దాయనా కూర్చునేవాళ్ళం. ఉతికితే... మళ్ళీ పదకొండేళ్ళు పడుతుంది."

"పెళ్ళయ్యాక నాకు చెప్పిన మొదటి అబద్ధం!"

"రెండోది," అన్నాడు నిజాయితీగా. "మొదటి రోజు నీ కాఫీ బాగుందన్నాను."

వదిన వ్యాను తలుపు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. బ్లీచమ్మ కోప్పడదామనుకుంది, కుదరలేదు. నవ్వుదామనుకుంది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. స్వెటరు లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చెమట, పాత ఊలు, పెద్దాయన ఒళ్ళు, ఎప్పుడో ఒలికిన టీ. ఏ ఆసుపత్రిలోనైనా దీన్ని చూస్తే మంటల్లో వేయిస్తారు.

"తాడు," అంది. "ముందు తాడు కట్టండి. తలుపు తర్వాత."

*

ఉతికిన పరుపూ దుప్పటీ బయటికి లాగేసి స్వెటరు పరిచింది. పెద్దాయన తల లోపల పెట్టారు. ఆగారు. ముక్కు పనిచేస్తోంది, చిల్లు నుంచి చిల్లుకి, చేతుల నుంచి మెడకి. తుమ్మలేదు. లోపలికెళ్ళారు. ఒక చుట్టు తిరిగారు. ఇంకో చుట్టు. ముందుకాళ్ళతో స్వెటర్ని గీరి, కుప్ప చేసి, ఆ కుప్ప మీద దబ్బున కూలబడ్డారు. గడ్డం కాళ్ళ మీద ఆనించారు. నాలుక మాత్రం ఇంకా బయటే ఉంది.

మూడూ పన్నెండు. డాక్టరమ్మ వచ్చింది, చేతి గడియారం చూసుకుంటూ నిలబడింది. ఎవరూ మాట్లాడొద్దని సైగ చేసింది.

మూడు నిమిషాలు. నాలుక లోపలికెళ్ళింది. ఐదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. అంతలో ఓడ కూత పెట్టింది. గాలంతా దద్దరిల్లింది. పెద్దాయన తల ఎత్తారు. మడత చెవి కూడా నిక్కబొడుచుకుంది. బ్లీచమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది, అతను అక్క చెయ్యి పట్టుకున్నాడు. ముగ్గురూ దారానికి గుచ్చిన పూసల్లా బిగుసుకుపోయారు.

పెద్దాయన స్వెటరు మెడలోకి ముక్కు దూర్చారు. పెద్ద నిట్టూర్పు వదిలారు. హెడ్మాస్టరు ఆఖరి పీరియడ్ అయ్యాక వదిలేటటువంటిది.

డాక్టరమ్మ వంగి, పెద్దాయన పొట్ట నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతోందో లెక్కపెట్టింది. "ఇరవై నాలుగు," అంది లేస్తూ. "బాగుంది." తర్వాత ముక్కు చిట్లించింది. "ఏంటమ్మా ఆ కంపు?"

"మా తమ్ముడండీ," అంది వదిన.

సంతకం పడింది. మూడూ ఇరవై మూడు.

గేటు దగ్గర వదిన వ్యానులోంచి ఒక కాగితప్పొట్లం తెచ్చి బ్లీచమ్మ చేతిలో పెట్టింది. లోపల కొత్త స్టీలు గిన్నె. అంచుకి ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. "ఒకవేళ నా దగ్గరుండిపోతారేమోనని కొన్నాను," అంది ఎటో చూస్తూ. "పనికొస్తుంది, పట్టుకెళ్ళు. మామగారిని జాగ్రత్తగా చూసుకో అమ్మాయ్. ఆ గిన్నె మాత్రం కడుగు."

*

ఓడ కదిలింది. కింద గదిలో పెట్టెని గోడకున్న కడ్డీలకి కట్టారు. గంటకొకసారి వచ్చి చూసుకోవచ్చన్నారు. బ్లీచమ్మ మొదటి గంటలోనే రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి కాపలా ఆయన ఏమనలేదు. రెండోసారి, "పడుకున్నారమ్మా మీ పెద్దాయన," అన్నాడు. అతనికీ అలవాటైపోయింది.

పైన రెయిలింగు దగ్గర మొగుడు బిస్కట్ల పొట్లం విప్పాడు. ఆమె చెయ్యి చాపి, ఆగి, వేళ్ళు వాసన చూసుకుంది. పాత ఊలు. కుక్క. అలవాటు కొద్దీ సంచీలోంచి చేతులు తుడుచుకునే తడికాగితం తీసింది. కాసేపు దాన్నే చూసింది. మడిచి మళ్ళీ సంచీలో పెట్టేసి, అదే చేత్తో బిస్కట్టు తీసుకుని కరకరా నమిలింది.

మొగుడు కళ్ళు పెద్దవి చేశాడు. "చేతులు కడుక్కున్నావా?"

"లేదు."

"బ్లీచమ్మేనా ఇది?"

"అవునుగానీ, కాఫీ అంత ఘోరంగా ఉందా?"

"మొదటి రోజు మాత్రమే," అన్నాడు తొందరగా.

ఆమె ఇంకో రెండు బిస్కట్లు తీసుకుంది. ఒకటి నోట్లో పెట్టుకుంది, ఇంకోటి గుప్పిట్లో దాచుకుంది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారింది. సముద్రం వంక చూసింది, మెట్ల వంక చూసింది.

"ఒక్కసారి చూసొస్తాను."

"ఇప్పుడేగా వెళ్ళొచ్చావు!"

ఆమె అప్పటికే సగం మెట్లు దిగిపోయింది.